యథాతథం

మామయ్య పోయి రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు. ఆయన బతికుండగా ఈ మాట నా నోటి నుంచి రాకూడదని అత్తయ్య ఒట్టు వేయించుకుంది. నిలబెట్టుకున్నాను. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

మాది నూలుకి రంగులు వేసే ఇల్లు. మా వీధిలో అలాంటి షెడ్లు ఏడు ఉండేవి. వీధి ఎగువన మొదటిది మాది. ఏడు షెడ్ల నీళ్ళూ ఒకే కాలువలో పడి, చివర చిన్న వంతెన కింద నుంచి నదిలోకి పోయేవి. వంతెన మీద నిలబడి చూస్తే ఆ రోజు ఎవరు ఏ రంగు వేస్తున్నారో చెప్పేయొచ్చు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నాకది ముచ్చటగా ఉండేది. ఆ తర్వాత కింది ఊళ్ళలో పశువులు ఆ నీళ్ళు ముట్టడం లేదని, బోర్లలో కూడా రంగు పడుతోందని కబుర్లు మొదలయ్యాయి. కబుర్లు కాస్తా కాగితాలయ్యాయి. చలికాలం వెళ్ళిపోతుండగా ఒక కాగితం మా షెడ్డు తలుపుకే అతికించారు. వాడిన నీళ్ళు శుభ్రం చేయకుండా వదిలే షెడ్లన్నీ మూసేయాలట. ఆ శుభ్రం చేసే యంత్రమేమో ఏడుగురూ కలిసి ఏడు జన్మలెత్తినా కొనలేనిది.

అందరం తలలు పట్టుకుని కూర్చున్న సమయంలో ప్రాజెక్టు వచ్చింది. ప్రభుత్వం డబ్బుతో నడిచే పరిశోధన సంస్థ ఒకటి, పెద్ద యంత్రం అక్కర్లేకుండా ఇసుకతో, బొగ్గుతో, రెల్లు మొక్కలతో రంగు నీళ్ళు శుభ్రం చేయొచ్చని అంటోంది. పన్నెండు వారాలు ఒక షెడ్డులో పెట్టి చూస్తారు. అన్నాళ్ళూ మూసివేత ఆగుతుంది. ఫలితం బాగుంటే అదే పద్ధతిలో వీధి మొత్తానికీ ప్రభుత్వమే కట్టించి ఇస్తుంది. బాగాలేకపోతే ఏమిటన్నది ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది, తలుపు మీద కాగితం ఉండనే ఉంది. వెనక కాస్త ఖాళీ స్థలం ఉన్నది మాకే గనక మా షెడ్డునే ఎంచుకున్నారు. ఏడు కుటుంబాల తిండి మా పెరట్లో మూడు నీలం డ్రమ్ముల మీదికి వచ్చింది.

డ్రమ్ములతో పాటు ఒక అమ్మాయి దిగింది. పాతికేళ్ళుంటాయేమో. మెడలో గుర్తింపు కార్డు, కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో పెట్టెడు సీసాలు. ఆమె పేరు నోరు తిరగక అత్తయ్య ఆ రోజే సీసాల మేడం అని పేరు పెట్టేసింది. వీధంతా అలాగే పిలిచింది. చివరికి ఆ అమ్మాయి కూడా ఫోన్ చేస్తే "అక్కా, నేను సీసాల మేడాన్ని" అనేది.

ఆమె మొదట చేసిన పని ఒక తేట నీళ్ళ గ్లాసు చూపించి, "ఇవి తాగుతారా?" అని అడగడం.

"ఎందుకు తాగం, తేటగానే ఉన్నాయిగా," అంది అత్తయ్య.

"వీటిలో విషం కలిపి తెచ్చాను పిన్నిగారూ. కంటికి కనపడదు. అందుకే మనం కంటిని నమ్మకూడదు, ల్యాబులో వచ్చిన అంకెల్నే నమ్మాలి."

అత్తయ్య రెండడుగులు వెనక్కి వేసింది. నేను మాత్రం ఆ మాట బుద్ధిగా మనసులో పెట్టుకున్నాను. స్కూలు చదువు పూర్తి చేసిన కోడల్ని కదా, కొత్త పాఠం అంటే ఎక్కడ లేని శ్రద్ధ. ఆ పాఠమే తర్వాత నా కొంప ముంచింది.

ప్రతి మంగళవారం రెండు సీసాలు నింపాలి. డ్రమ్ముల్లోకి వెళ్ళే నీళ్ళు ఒకటి, డ్రమ్ముల్లోంచి వచ్చే నీళ్ళు ఇంకొకటి. ఎండ తగిలితే లోపలి సరుకు మారిపోతుందని సీసాలు నల్లగా ఉండేవి. ఏం పోశామో పైకి కనపడదు. ఒక్కో సీసా మీదా లేబులు, దాని మీద మామయ్య పేరు, షెడ్డు నెంబరు. తెల్లవారుతూనే రంగు వేసిన నూలు కడుగు మొదలవుతుంది కాబట్టి మేమే నింపి ఐసు పెట్టెలో పెడితే, మధ్యాహ్నం మేడం వచ్చి తీసుకెళ్తుంది. బయటికి వచ్చే నీళ్ళు పట్టే పని నాది. లోపలికి వెళ్ళేవి పట్టే పని మామయ్యది. కడుగు జరిగేటప్పుడు తొట్టి దగ్గరికి ఇంకో మనిషిని రానివ్వడం ఆయనకి అలవాటు లేదు. నీడ పడితే రంగు అంచనా తప్పుతుందని కన్నకొడుకుని, అంటే మా ఆయన్ని కూడా బయటే నిలబెట్టేవారు.

మేడం ఇచ్చిన కాగితం నేను పైకి చదివాను. "నమూనాను యథాతథంగా సేకరించవలెను."

"యథాతథం అంటే ఏమిటే?" అంది అత్తయ్య.

మేడమే చెప్పింది. "ఎలా ఉంటే అలాగే అని పిన్నిగారూ. బాబాయిగారూ, మీరు మొదటి కడుగు నీళ్ళు ఎలా ఉంటే అలాగే పట్టాలి."

"అలాగే," అన్నారు మామయ్య.

"అంటే ఏమీ కలపకుండా, ఏమీ తీయకుండా. ఎలా ఉంటే అలాగే."

"అలాగేనమ్మా."

అమ్మాయి తృప్తిగా తల ఊపింది. పాపం, మామయ్య అలాగే అంటే ఏమిటో ఆమెకి ఏం తెలుసు. పళ్ళు ఊడిపోతున్నాయి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి అంటే అలాగే అనేవారు. చుట్ట మానేయండి అంటే అలాగే అనేవారు. "ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన కాదన్న మాట నేను వినలేదు, విన్న మాట ఆయన చేయలేదు," అని అత్తయ్య ఎప్పుడూ దెప్పేది. మాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు నవ్వుకుని ఊరుకున్నాం.

మామయ్య పని గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నూలు చిలపలు, అంటే నూలు చుట్టలు, కర్రకి గుచ్చి మరిగే రంగు కాగులో ముంచడం, తీయడం, కడగడం, ఆరేయడం, ఇంతే మా పని. ఇందులో ఆయన ప్రాణమంతా కడుగులో ఉండేది. చివరి కడుగు నీళ్ళు ఒక తెల్ల పింగాణీ గిన్నెలో పట్టి, నూలు కొనేవాళ్ళ ముందు పెట్టేవారు. గిన్నె అడుగు స్పష్టంగా కనపడితే రంగు నూలుకి గట్టిగా పట్టినట్టు. కనపడకపోతే పని రాని చెయ్యి కింద లెక్క. రంగు వదిలేవాడు అన్నది మా వీధిలో పెద్ద తిట్టు. మామయ్య ఆ తిట్టు జన్మలో తినలేదు. అయితే ఎంతటి పనివాడికైనా మొదటి కడుగులో రంగు దిగి తీరుతుంది. అది ఎవరికీ చూపించరు. మొదటి కడుగు నీళ్ళు పరాయివాళ్ళ చేతికివ్వడమంటే విడిచిన బట్టలు వీధిలో ఆరేసుకోవడమే. ప్రాజెక్టు వాళ్ళకి కావలసింది సరిగ్గా ఆ నీళ్ళే.

మొదటి నెల పండగలా గడిచింది. డ్రమ్ముల్లో ఇసుక జల్లెడ పట్టి పోశాం. రంపపు పొట్టు కాల్చి బొగ్గు చేశాం. మూడో డ్రమ్ములో రెల్లు నాటితే పది రోజుల్లో మోకాలెత్తు లేచింది. చివరి కొళాయి తిప్పితే నీళ్ళు కళ్ళకద్దుకునేలా వచ్చేవి. పక్క షెడ్డాయన రోజూ వచ్చి చూసి, చెయ్యి పెట్టి, వాసన చూసి వెళ్ళేవాడు. ఆయన నోరు ఊరుకోదు, ఎప్పుడూ ఏదో సణుగుతూ ఉంటాడని సణుగుడాయన అనేవాళ్ళం. అలాంటి మనిషి కూడా, "ఏమో, ఈసారి ఒడ్డున పడతామేమో," అన్నాడు. ఆయన నోటి నుంచి అంత మంచి మాట వినడం అదే మొదలని అత్తయ్య దిష్టి తీసేంత పని చేసింది.

అయిదో వారం మేడం మొహం వేలాడేసుకుని వచ్చింది.

"డ్రమ్ములు సరిగ్గా పని చేయడం లేదు అక్కా. లోపలికి వెళ్ళే నీళ్ళకీ బయటికి వచ్చే నీళ్ళకీ పెద్ద తేడా కనపడటం లేదు."

"బయటికి తేటగానే వస్తున్నాయి కదా మేడం."

"కంటికి తేటగా ఉంటే సరిపోదుగా."

విషం గ్లాసు గుర్తొచ్చింది. తొట్టిలోంచి డ్రమ్ముల్లోకి ఎర్రగా పోతున్నది నేను రోజూ చూస్తున్నాను, కొళాయిలో తెల్లగా వస్తున్నది రోజూ పడుతున్నాను. అయినా నా కళ్ళకంటే ఆమె అంకెలే గొప్పవని నమ్మాను. చదువుకున్నవాళ్ళు చెప్పాక ఇంకా మనకెందుకు అనుమానం అనుకున్నాను. ఆ ఒక్క పూట నేను నా కళ్ళని నమ్మి ఉంటే ఏడు వారాలు మిగిలేవి. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మేడం మామయ్యని కూడా అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"బాబాయిగారూ, ఈ మధ్య లేత రంగులు వేస్తున్నారా?"

మామయ్యకి ఆ మాట గుచ్చుకుంది. "మా దగ్గర లేత పని ఉండదమ్మా. అంతా ముదురు ఎరుపే."

"మరి మీ మొదటి కడుగు నీళ్ళలో రంగు చాలా తక్కువగా ఉంది. మేం అనుకున్న దాంట్లో నాలుగో వంతు కూడా లేదు."

ఆయన మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. నూలు కొనేవాళ్ళు ఎంత పొగిడినా తల దించుకుని పొడిపొడిగా మాట్లాడే మనిషి, ఆ రోజు నిటారుగా నిలబడ్డారు. "నా చేతిలో రంగు నూలుకి పడుతుంది తల్లీ. నీళ్ళకి పోదు. నలభై ఏళ్ళ చెయ్యి ఇది."

మేడం ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుంది. ఆమె కూడా నమ్మింది. ఎందుకు నమ్మదు, ఆ చేతులు చూస్తే ఎవరైనా నమ్ముతారు. మోచేతుల దాకా ఎరుపు ఇంకిపోయిన చేతులు. తప్పు డ్రమ్ములదే అయి ఉంటుందని వాళ్ళు తేల్చుకున్నారు. బొగ్గు మార్చాం. వారం ఆగి మళ్ళీ మార్చాం. ఇసుక మందం పెంచాం. రెల్లు పీకి ఇంకో రకం నాటాం. నేనూ మా ఆయనా బస్తాలు మోసి మోసి నడుములు పడిపోయాయి. అంకె మాత్రం కదలలేదు. వీధిలో జనం మా పెరట్లోకి రావడం మానేశారు. సణుగుడాయన మళ్ళీ సణుగుడు మొదలుపెట్టాడు. ఒకాయన అప్పుడే కాగులు అమ్మకానికి పెట్టాడు. పాత ఇనుము కిందే అడిగారట.

ఆ రోజుల్లోనే అత్తయ్య ఇంట్లో పటిక అయిపోతోందని గోల పెట్టేది. "వారం వారం తెస్తున్నాను, ఈ ఇంట్లో పటిక ఎవరు తింటున్నారో తెలియడం లేదు," అనేది. నేను పట్టించుకోలేదు. రంగుల ఇంట్లో పటికకి లక్ష అవసరాలుంటాయి.

పన్నెండో మంగళవారం. చివరి సీసాలు. ఆ తెల్లవారుజామున నా కొళాయి సీసాకి మూత దొరక్క, ఒకటి ఎక్కువ ఉందేమో అడుగుదామని తొట్టి వైపు వెళ్ళాను. మామయ్య తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ముందు బకెట్టు, దాని నిండా ఎర్రటి నీళ్ళు. ఒక చేత్తో పటిక ముక్కని దారానికి కట్టి, ఆ నీళ్ళలో మెల్లగా తిప్పుతున్నారు. పక్కన ఇంకో బకెట్టు మీద మూత పెట్టి ఉంది.

నన్ను చూసి కసురుకోలేదు. చివరి రోజు కదా, మనసు తేలికగా ఉన్నట్టుంది.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"సీసాకి నీళ్ళు తేరుస్తున్నాను. ఇది ఆలస్యంగా మొదలుపెట్టాను, అది ముందే తేరింది చూడు," అని రెండో బకెట్టు మూత తీసి చూపించారు. అడుగున ఎర్రటి మడ్డి, పైన అర మూరెడు తేట నీళ్ళు. చెంబు వంచి, మడ్డి కదలకుండా పై నీళ్ళు ముంచి నల్ల సీసాలో పోశారు. ఎంత నేర్పుగా పోశారో. ఒక్క చుక్క కిందపడలేదు.

"ప్రతి వారం ఇలాగే పోశారా?"

"మరి? ఆ అమ్మాయి అంత దూరం నుంచి వస్తుంది. సీసా మీద నా పేరు రాసి పట్నం తీసుకెళ్ళి పెద్దవాళ్ళ ముందు పెడుతుంది. అందులో మురుగు పోసి ఇవ్వమంటావా?"

"మొదటి వారం నుంచీ?"

"మొదటి వారం రెండుసార్లు తేర్చాను. పటిక పాళ్ళు కుదరలేదు," అన్నారు.

తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆయన లేచి నడుము పట్టుకుంటూ నూలు ఆరేయడానికి వెళ్ళారు. నేను ఆ సీసా నేల మీద ఒంపేసి, తొట్టిలోని మొదటి కడుగులో ముంచి, ఎర్రటి నీళ్ళు ఎలా ఉంటే అలాగే నింపి, మూత బిగించి ఐసు పెట్టెలో పెట్టాను. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయాను.

మధ్యాహ్నం మేడం వచ్చినప్పుడు పెరటి గుమ్మం దగ్గరే పట్టుకుని మొత్తం చెప్పాను. ఆమె పెట్టె దించి దాని మీదే కూర్చుంది.

"పదకొండు వారాలు అక్కా," అంది. "డ్రమ్ములు పని చేశాయి. మనం చేసింది పని చేసింది."

"మళ్ళీ పట్టొచ్చు కదా. రేపటి నుంచి నేనే పడతాను."

"మళ్ళీ పన్నెండు వారాలు కావాలి. ప్రాజెక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది." కళ్ళు తుడుచుకుంది. "పెద్ద సారుతో మాట్లాడతాను. ఈ పన్నెండో సీసా ఉంది కదా, దాంతో ఏమైనా చేయొచ్చేమో."

వారానికి పెద్ద సారు తనే వచ్చాడు. ప్రాజెక్టుకి పెద్ద ఆయనే. మంచి మనిషి, నేను ఆయన్ని తిట్టను. నన్ను వంతెన దగ్గరికి పిలిచి మాట్లాడాడు, షెడ్డు దగ్గరైతే మామయ్య వింటారని.

"పదకొండు అంకెలు ఒక రకంగా, ఒకటి ఇంకో రకంగా ఉంటే, ఆ ఒకటే తప్పు కింద కొట్టేస్తారమ్మా. కొట్టేశాం కూడా. పద్ధతి అది."

"కానీ సార్, నిజమైంది ఆ ఒకటే కదా."

ఆయన నీళ్ళు నమిలాడు. "నమూనాల్లో చెయ్యి పడిందని రిపోర్టులో రాయొచ్చు. రాస్తే ఈ ప్రాజెక్టు మొత్తాన్నే అనుమానిస్తారు. ఇదే డబ్బుతో ఇలాంటి పరీక్షలే ఇంకో మూడు ఊళ్ళలో నడుస్తున్నాయి. అక్కడ తోళ్ళ పనివాళ్ళున్నారు, కాగితం పనివాళ్ళున్నారు. వాటిని కూడా ఆపేస్తారు. రాసినా మీ వీధికి ఒరిగేది లేదు, సమయం అయిపోయింది. ఇంకోసారి అడుగుతాం. రెండు మూడేళ్ళు పడుతుంది."

"రెండు మూడేళ్ళకి ఇక్కడ ఎవరుంటారు సార్?"

ఆయన వంతెన మీద నుంచి కాలువలోకి చూశాడు. కింద నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. నాకు ఆ మూడు ఊళ్ళ మనుషుల మీద కోపం వచ్చింది. వాళ్ళని ఎప్పుడూ చూడలేదు, వాళ్ళు నాకేం చేశారని. కానీ వచ్చింది. చివరికి సరే అని తల ఊపాను.

ఆ సాయంత్రం అత్తయ్యకి చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. ఆమె కూర తరుగుతూ విన్నది. కత్తిపీట పక్కకి పెట్టి, నా చెయ్యి తన తల మీద పెట్టుకుంది.

"ఆయనకి చెప్పనని ఒట్టు వెయ్యి."

"ఆయనకి తెలియాలి కదా అత్తయ్యా. వీధికి కూడా తెలియాలి."

"తెలిసి ఏం చేస్తారు? షెడ్డు ఎలాగూ పోతోంది. అది తన చేత్తోనే పోయిందని తెలిస్తే మనిషి లేవడు. నీకేం, నువ్వు చెప్పేసి తేలికపడతావు. ఆ తర్వాత ఆయన పక్కన పడుకోవాల్సింది నేను."

ఒట్టు వేశాను. ఆమె మళ్ళీ కత్తిపీట ముందుకు లాక్కుంది. ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది, ఎవరూ ఏమీ అనకుండా తినేశాం.

నెలాఖరున మా షెడ్డులోనే మీటింగు పెట్టారు. ఏడు ఇళ్ళ వాళ్ళూ వచ్చారు. మామయ్య ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. పెద్ద సారు నిలబడి, ఈ పద్ధతి ఈ రంగు నీళ్ళ మీద ఆశించినంత పని చేయలేదని, చాలా విచారిస్తున్నామని చెప్పాడు. మేడం తల ఎత్తలేదు. అందరికీ తలా రెండు పేజీల కాగితం పంచారు. వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు ఆపుకోవడం వినిపిస్తోంది.

మామయ్య చెయ్యి ఎత్తారు. "నా నీళ్ళ సంగతి ఏం రాశారు సారూ?"

పెద్ద సారు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"మీ నీళ్ళు ముందే చాలావరకు శుభ్రంగా ఉన్నాయని రాశాం," అన్నాడు.

మామయ్య వెనక్కి తిరిగి అందరినీ చూశారు. గొప్పలు పోవడానికి కాదు. అంత చెడ్డ రోజున తనకి దక్కిన ఒక్క మంచి మాట వాళ్ళకి కూడా వినపడిందో లేదో అని చూశారు.

"అంతేలే," అన్నాడు సణుగుడాయన. "అన్నయ్యవి శుభ్రం, మనవి మురుగు. మన మురుగు వల్లే అందరం మునిగాం."

"అలా అనకు తమ్ముడూ. నువ్వు కాగు వేడి తొందరగా దించేస్తావు, అందుకే రంగు సరిగ్గా పట్టదు. నేను నేర్పిస్తాను రా," అన్నారు మామయ్య, ఎంతో ప్రేమగా.

సణుగుడాయన కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని తల ఊపాడు. జీవితమంతా ఇదే పని చేసిన మనిషి, తన చేతకానితనం వల్లే వీధి మూతపడిందని నమ్మి ఇంటికి వెళ్ళాడు. ఆయన్ని ఆపి నిజం చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఒట్టు అడ్డం పెట్టుకున్నాను గానీ, ఒట్టు లేకపోయినా చెప్పేదాన్ని కాదేమో. మా ఇంటి గడపలో ఆరు ఇళ్ళ శాపనార్థాలు పడతాయని భయపడ్డాను. భయపడ్డానని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మరో మూడు వారాలకి తాళాలు వేయడానికి మనుషులు వచ్చారు. వీధి ఎగువన మొదటిది మాదే కాబట్టి మాతోనే మొదలుపెట్టారు. వీధిలో వాళ్ళంతా చుట్టూ చేరారు. లోపల కాగులు బోర్లించి ఉన్నాయి. మా ఆయన తాళంచెవి ఇచ్చేసి మొహం చూపించలేక దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. సీలు వేసే మనిషి లక్క వెలిగించుకుంటున్నాడు.

"ఒక్క నిమిషం ఆగు బాబూ," అన్నారు మామయ్య. "మా నీళ్ళు శుభ్రమేనని పరిశోధన వాళ్ళే రాసిచ్చారు. కాగితం ఉంది. అమ్మాయ్, ఆ కాగితం తెచ్చి చదివి వినిపించు."

"కాగితంతో పని లేదండీ, ఆర్డరు వీధి మొత్తానికి," అన్నాడా మనిషి.

"వెయ్యి, నేను వెయ్యొద్దన్నానా? విని వెయ్యి."

నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. కాగితం తెచ్చాను. సణుగుడాయన, ఆయన భార్య, ఇంకా అయిదు ఇళ్ళ వాళ్ళూ నా ఎదురుగా నిలబడ్డారు. రేపటి నుంచి ఎవరికీ పని లేదు. వాళ్ళ పొట్ట కొట్టింది ఏ వాక్యమో ఆ గుంపు మొత్తంలో నాకొక్కదానికే తెలుసు, ఆ వాక్యమే నా చేతిలో ఉంది.

"మొదటి షెడ్డు నుంచి వెలువడే నీరు శుద్ధికి ముందే చాలావరకు స్వచ్ఛంగా ఉన్నట్లు గమనించడమైనది," అని చదివాను.

సీలు మనిషి తల ఊపి, తాళం మీద లక్క పోశాడు.

"వెనకవాళ్ళకి వినపడలేదు, ఇంకోసారి చదువమ్మా," అన్నారు మామయ్య.

ఈసారి గొంతు పెంచి చదివాను.